లాగుట యొకటి, ఆపుట యొకటి
(ట్రాక్టరు వెనుక ట్రాలీని క్రొత్తగా కొనువారికి కొన్ని మాటలు)



నేటి ప్రసంగమునకు విషయము ట్రాక్టరు వెనుక తగిలించు ట్రాలీ. కొన్ని యూళ్లలో దీనిని తొట్టి యందురు. మరికొన్ని యూళ్లలో ట్రక్కు అందురు. పేరేదైనను వస్తువొక్కటియే. అనకాపల్లి, చోడవరము, మాడుగుల, భీమునిపట్టణము ప్రాంతములలో చెరకు, బెల్లము, వరిగడ్డి, ఎరువు, ఇటుక, ఇసుక అన్నియు దీనిలోనే ప్రయాణము చేయుచున్నవి. ఎడ్లబండి చేసిన పని నంతయు నిది తీసికొన్నది. కాని యొక భేదము గలదు. బండి తోలుట తండ్రి కొడుకునకు నేర్పెడివాడు. ఇరుసునకు కందెన యెప్పుడు వేయవలెనో, శీల యెట్లు చూచుకొనవలెనో, పల్లములో ఎడ్ల నెట్లు నిగ్రహింపవలెనో బాల్యమునుండియే తెలిసెడిది. ట్రాలీకి అట్టి గురుపరంపర యింకను ఏర్పడలేదు. అమ్మువాడు రసీదు వ్రాసి యిచ్చును. కొన్నవాడు తగిలించుకొని యింటికి తెచ్చుకొనును. తక్కినదంతయు అనుభవము నేర్పునని మనము ఊరకుందుము. అయితే ఈ విషయమున అనుభవము నేర్పు పాఠములకు చెల్లింపవలసిన రుసుము మిక్కిలి యెక్కువ.

మన జిల్లాల వారికి ఇంకొక చిక్కు గలదు. విశాఖపట్టణమున 1933లో నౌకాశ్రయము ప్రారంభమైనది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. వీనివలన మన ప్రాంతమునకు బ్రతుకుదెరువు వచ్చినది. దానితోపాటు ఇనుమును, బొగ్గును, ఓడలనుండి దిగిన పెద్ద పెట్టెలను మోయు భారీ లారీలును వచ్చినవి. పొలముగట్టు దాటిన మన ట్రాలీ, లంకెలపాలెము కడనో కూర్మన్నపాలెము కడనో 16వ జాతీయ రహదారి నెక్కినంతనే ఆ లారీల నడుమ నిలుచును. పొలములో చెల్లిన పొరపాటు అచ్చట చెల్లదు.

ట్రాలీ కొనబోవువాడు మొదట నడుగు ప్రశ్న "ఎన్ని టన్నులు లాగును?" అని. ఆ ప్రశ్న తప్పు కాదు. కాని మొదటిది కాదు. మొదట నడుగవలసినది "ఎంత దూరములో ఆగును?" అని. లాగుటకు బలము చాలును. ఆపుటకు బలముతోపాటు ఏర్పాటు కావలెను.

దీనిని చిన్న లెక్కతో చెప్పెదను. ట్రాక్టరు బరువు 2 టన్నులనియు, ట్రాలీయు సరకును కలిసి 5 టన్నులనియు అనుకొందము. మొత్తము 7 టన్నులు. ట్రాలీకి బ్రేకు లేనిచో ఈ 7 టన్నులను ట్రాక్టరు బ్రేకొక్కటియే ఆపవలెను. అది తయారైనది ముఖ్యముగా తన 2 టన్నులను ఆపుటకు. కావున ఒంటరి ట్రాక్టరు 6 మీటర్లలో ఆగు వేగముననే, ఈ జంట ఆగుటకు ఇంచుమించు 21 మీటర్లు పట్టును. అనగా మూడున్నర రెట్లు. వేగము హెచ్చినకొలది సంగతి మరింత చెడును. గంటకు 20 కిలోమీటర్ల వేగమును 40కి పెంచినచో, ఆగు దూరము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. దానికి తోడు, అడ్డము వచ్చిన పశువును కన్ను చూచి కాలు బ్రేకును త్రొక్కులోపల ఒక సెకను గడచుననుకొన్నను, 36 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఆ సెకనులోనే 10 మీటర్లు ముందుకు పోవును. కావున ట్రాలీకి సొంత బ్రేకు గలదా యని మొదట విచారింపుడు. అట్టివి దొరకును. ధర కొంత యెక్కువయైనను ఆ యెక్కువ ధర వ్యర్థము కాదు.

రెండవది తగులు. ఎడ్లబండికి కాడి యెట్టిదో ట్రాలీకి కొక్కెమును, దానిలో దిగు పిన్నును అట్టివి. ఆ పిన్ను గట్టి ఉక్కుతో, తగిన లావుతో చేసినదై యుండవలెను. క్రిందిభాగమున అది పైకి లేచి రాకుండ బంధించు చీల యుండవలెను. పిన్ను పోయినదని ఇంటిలోని ఇనుపకడ్డీనో, పాత బోల్టునో దూర్చి నడుపువారు గలరు. ఆ కడ్డీ ఒకనాడు వంగును, మరునాడు తెగును. తెగిన ట్రాలీ ఎవ్వరి మాటయు వినదు. అందుచేత పిన్నుతోపాటు ఒక బలమైన గొలుసును గూడ ట్రాక్టరునకును ట్రాలీ మూతికిని కట్టవలెను. పిన్ను ఊడినను గొలుసు పట్టుకొనును.

తగిలించు ఎత్తును గూర్చి యొక హెచ్చరిక. ట్రాలీని ట్రాక్టరు వెనుక ఇరుసునకు దిగువగా నున్న కొక్కెమునకే తగిలింపవలెను. ఎత్తుగా ఇరుసునకు పైన గొలుసు వేసి లాగినచో, బురదలో చక్రము తిరుగక బిగిసినప్పుడు లాగుడు బలము ట్రాక్టరును వెనుకకు త్రిప్పును. ముందుచక్రములు నేల విడిచి లేచును. ఆ పిమ్మట బండి నడుపువాని మీద పడుటకు రెండు సెకనులైనను పట్టదు. దిగి పారిపోవుటకు వ్యవధి యుండదు. బురదలో దిగబడిన ట్రాలీని బయటికి తీయునపుడు తొందరపడక, సరకు దించి లాగుట మేలు.

మూడవది బరువు నుంచు విధము. ఇంగ్లండు మొదలగు దేశములలో జనులు సెలవు దినములందు కారు వెనుక చక్రములు గల చిన్న గదిని తగిలించుకొని విహారమునకు పోవుదురు. దానిని కారవాను అందురు. అందులోనే వంట, అందులోనే పడక. అట్టి గదిని క్రొత్తగా కొన్నవారికి అచ్చట నేర్పు పాఠములును ఇవియే. బరువైన వస్తువులను క్రిందుగా, ఇరుసునకు సమీపమున ఉంచవలెను. మూతిమీద కొద్దిపాటి బరువు మాత్రము మొగ్గవలెను. కొక్కెము ఊడినను బండి పూర్తిగా విడిపోకుండ అదనపు బంధనము ఉండవలెను. విలాసపు బండికైనను వ్యవసాయపు బండికైనను ధర్మమొక్కటియే.

మన బండివారికి ఇది తెలియని విద్య కాదు. వెనుక బరువెక్కువైనచో కాడి పైకి లేచి ఎడ్ల గొంతులు బిగియును. ముందు బరువెక్కువైనచో ఎడ్ల మెడలు క్రుంగును. ట్రాలీయందును అంతే. వెనుక బరువెక్కువైనచో మూతి పైకి లేవజూచి ట్రాక్టరు వెనుక చక్రముల పట్టు తగ్గును. ట్రాలీ పాము వలె అటునిటు ఊగును. మూతిమీద మితిమీరిన బరువు పడినచో ట్రాక్టరు ముందుచక్రములు తేలికయై, స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు. ఎడ్లు నొప్పికి తల విదిల్చి మనకు తెలిపెడివి. ఇనుమునకు ఆ నోరు లేదు. కావున బయలుదేరుటకు ముందే మనము చూచుకొనవలెను. గడ్డి యెత్తుగా వేయునపుడు మలుపులో బోల్తాపడు భయమును, పైన విద్యుత్తు తీగలు తగులు భయమును రెండును గలవు. తొట్టిని పైకెత్తి సరకు దించు ట్రాలీయైనచో, ఎత్తిన తొట్టి క్రిందికి మనుష్యుడు గట్టి ఆధారము లేకుండ ఎన్నడును పోరాదు.

నాల్గవది నడుపు తీరు. ట్రాక్టరునకు కుడికాలి యొద్ద రెండు బ్రేకు పెడలులుండును. ఒకటి ఎడమ చక్రమునకు, ఒకటి కుడి చక్రమునకు. దుక్కిలో చాలు చివర గిరుక్కున తిరుగుటకై వానిని వేరుచేసి వాడుదురు. రోడ్డెక్కుటకు ముందు ఆ రెండింటిని కలిపి కొక్కెము వేయవలెను. మరచి వేగములో ఒక్కదానినే త్రొక్కినచో బండి ఒక ప్రక్కకు లాగికొని తిరుగబడును. పొలము విడుచునపుడు పాదములకు అంటిన మట్టిని కడుగుకొనునట్లే, ఈ కొక్కెము వేయుటయు అలవాటు కావలెను.

శృంగవరపుకోట మీదుగా అనంతగిరి కొండ దిగువారును, పాడేరు ఘాటు దిగువారును ఇంకొక సంగతి గుర్తుంచుకొనవలెను. పల్లమునకు తగిన చిన్న గేరును పైనుండగనే వేసికొనవలెను. నూనె కలిసివచ్చునని గేరు తీసి బండిని జారవిడుచుట ప్రాణములతో చెలగాటము. ఇంజను పట్టు పోయిన తరువాత భారమంతయు బ్రేకుమీద పడును. బ్రేకు వేడెక్కి పట్టు కోల్పోవును. అప్పుడు వెనుకనున్న ట్రాలీ ట్రాక్టరును నెట్టును. మలుపులో నెట్టినచో రెండును మడతకత్తి వలె ముడుచుకొనును. ఏ గేరులో మిట్ట నెక్కుదుమో ఆ గేరులోనే పల్లము దిగుట పెద్దలు చెప్పిన సులభసూత్రము.

వెనుకకు నడుపునపుడు ట్రాలీ మనము త్రిప్పిన దిక్కునకు వ్యతిరేకముగా పోవును. దీనిని ఖాళీ కళ్లములో, ఖాళీ ట్రాలీతో కొన్ని దినములు అభ్యసింపవలెను. వెనుక పిల్లలు గాని పశువులు గాని లేకుండ చూచుటకు ఒకరిని నిలుపవలెను. ఆ నిలిచినవాడు నడుపువాని కంటికి కనబడుచోటనే యుండవలెను.

రాత్రి ప్రమాదములకు ముఖ్యకారణము వెనుక దీపము లేకపోవుట. చెరకు గడలు దీపమును కప్పివేయును, తీగ తెగును, ఎవ్వరును పట్టించుకొనరు. వేగముగా వచ్చు లారీవానికి చీకటిలో నల్లని చెరకుమోపు కనబడునప్పటికి దూరము మిగిలియుండదు. వెనుక ఎఱ్ఱని దీపములును, వెలుగు పడినచో మెరయు పట్టీలును తప్పక యుండవలెను. ఈ పట్టీలు ముందు తెల్లనివి, ప్రక్కల పసుపుపచ్చనివి, వెనుక ఎఱ్ఱనివి. వాని వెల యొక చెరకుమోపు వెలకు మించదు. దారిలో బండి చెడినచో రోడ్డుమీదినుండి తప్పింపవలెను. తప్పింప వీలుకానిచో దూరముననే మెరయు త్రిభుజపు గుర్తు నుంచవలెను. చుట్టును రాళ్లు పేర్చి, బాగైన పిమ్మట ఆ రాళ్లను అచ్చటనే వదలి పోవుట మన వైపు దురలవాటు. మన బండి పోవును. ఆ రాయి రాత్రి వచ్చు మరియొకని కొరకు కాచుకొనియుండును.

ఇక కాగితముల సంగతి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ట్రాలీయు ఒక వాహనమే. ట్రాక్టరునకు రిజిస్ట్రేషను ఉన్నది గదా యని ట్రాలీని విడువరాదు. దానికి ప్రత్యేకముగా రిజిస్ట్రేషను కావలెను. చట్టములోని 61వ విభాగము చెప్పునదేమనగా, ట్రాలీకి వచ్చిన సంఖ్యను దాని ప్రక్కను వ్రాయింపవలెను. లాగుచున్న ట్రాక్టరు సంఖ్య ట్రాలీ వెనుక కనబడవలెను. ఊరి కమ్మరి కొలిమిలోనో, చిన్న కార్ఖానాలోనో చేయించిన ట్రాలీ చవుకగా వచ్చినను, రిజిస్ట్రేషనునకు వలసిన పత్రములు చేయువాడు ఈయగలడా యని బయానా ఇచ్చుటకు ముందే అడుగుడు. ఈయలేనిచో ఆ చవుక చవుక కాదు.

పాత ట్రాలీ కొనువారు చట్రముమీద చెక్కిన సంఖ్యను రిజిస్ట్రేషను పత్రములోని సంఖ్యతో సరిచూడవలెను. మూతివద్ద అతుకులు, కొక్కెపు కంటి అరుగుదల, ఇరుసు, టైర్లు, అడుగురేకు తుప్పు పరీక్షింపవలెను. దానిమీద బ్యాంకు అప్పున్నచో, అప్పు తీరినదని తెలుపు 35వ సంఖ్య నమూనా తీసికొనవలెను. పేరు మార్పునకు 29, 30 సంఖ్యల నమూనాలు గలవు. రాష్ట్రములోపల అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. ఇది కొన్నవానికి మాత్రమే కాదు, అమ్మినవానికిని రక్ష. చేతులు మారినను పేరు మారని బండి వలన ప్రమాదము జరిగినచో, పుస్తకములో పేరున్నవాడే నష్టపరిహారమునకు బాధ్యుడని 2018లో సుప్రీముకోర్టు ఒక వ్యాజ్యములో తీర్పు చెప్పినది.

బీమా పత్రమును ట్రాక్టరునకు మాత్రమే తీసికొని ట్రాలీని మరచువారు పెక్కుమంది. పత్రములో ట్రాలీ సంఖ్యయు చేరినదా యని చదివించి చూచుకొనుడు. వ్యవసాయమునకని బీమా చేయించి ఇటుకలు, ఇసుక కిరాయికి తోలినచో ఆ పత్రము అక్కరకు రాకపోవచ్చును. కిరాయి తోలదలచినవారు ఆ సంగతి చెప్పియే అనుమతియు బీమాయు పొందవలెను. 2019లో సవరించిన చట్టము ప్రకారము, మితిమీరిన బరువునకు జరిమానా 20,000 రూపాయలు. ఆపైన అదనపు టన్నొక్కింటికి 2,000. మైనరు బాలుడు నడిపి నేరము చేసినచో, సంరక్షకునకు గాని వాహన యజమానికి గాని 3 సంవత్సరముల వరకు కారాగారమును, 25,000 రూపాయల జరిమానాయు గలవు. "మావాడు పదునాలుగేండ్లకే ట్రాక్టరు తోలును" అని మురియువారు ఈ మాట వినవలెను.

ఇంతవరకు చెప్పినదంతయు సరకును గూర్చి. ఇక మనుష్యులను గూర్చి చెప్పవలసియున్నది. ఈ ప్రసంగము ముఖ్యముగా దీనికొరకే.

ట్రాలీ మనుష్యులకొరకు చేసినది కాదు. దానికి కూర్చుండు పీట లేదు. పట్టుకొన కమ్మి లేదు. మన చాలా ట్రాలీలకు బ్రేకు లేదు. ట్రాక్టరునందు ఆసనము నడుపువానికి ఒక్కటియే. ట్రాక్టరుమీద ఇతరుల నెక్కించుకొనరాదని 1989 నాటి రహదారి నియమములలోనే స్పష్టముగా చెప్పబడినది. అయినను పెండ్లికి ట్రాలీ, నూకాలమ్మ జాతరకు ట్రాలీ, నాట్లకు పోవు ఆడకూలీలకు ట్రాలీ.

2018 ఏప్రిల్ నెలలో నల్లగొండ జిల్లాలో కూలీలతో పోవుచున్న ట్రాక్టరు కాలువలో పడి తొమ్మండుగురు మరణించిరి. రెండు నెలలు గడచినంతనే, జూన్ నెలలో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలము లక్ష్మాపురము కడ అట్లే మరియొక ట్రాలీ కాలువలో బోల్తాపడి పదునైదుగురు పోయిరి. వారిలో మిక్కిలిమంది కూలికి బయలుదేరిన స్త్రీలు. 2022 అక్టోబరులో ఉత్తరప్రదేశమున కాన్పూరు సమీపమున ఘాటంపూరు కడ, పుట్టువెండ్రుకలు తీయించుకొని దేవాలయమునుండి మరలివచ్చుచున్న బంధువుల ట్రాలీ చెరువులో పడి ఇరువదియారుగురు మరణించిరి. ఈ మూడింటను జనులు మునిగినది నీటిలోనైనను, చంపినది నీరు మాత్రమే కాదు. తిరుగబడిన తొట్టి మూత వలె పైన కప్పుకొనును. లోపలివారు ఈతగాండ్రైనను బయటికి రాలేరు.

చనిపోయినవారి కుటుంబములకు తరువాత ఏమగును? బీమా ఉన్నది గదా యని కొందరందురు. 2007లో సుప్రీముకోర్టు ముందునకు ఇట్టి వ్యాజ్యమే వచ్చినది. ఇటుకబట్టీకి మట్టి తోలు ట్రాలీలో పోవుచు ఒక కూలి గాయపడెను. బీమా వ్యవసాయపనికి చేయించినది. ట్రాలీకి బీమా లేదు. బీమా సంస్థకు బాధ్యత లేదని న్యాయస్థానము చెప్పినది. ఆ పేదవాని స్థితి చూచి, సంస్థ ముందుగా సొమ్ము చెల్లించి పిదప యజమాని యొద్ద రాబట్టుకొనవలెనని ఉత్తరువిచ్చినది. అనగా తుదకు ఆ భారము యజమాని తలమీదనే పడినది. ఎకరమో రెండెకరములో గల రైతు ఇంత సొమ్ము ఎక్కడినుండి తెచ్చును? భూమి పోవును. ఒక్క ప్రయాణముతో కూలివాని యిల్లును, రైతు యిల్లును రెండును కూలును.

"కూలీలు తామే యెక్కిరి, నేను రమ్మనలేదు" అని రైతు చెప్పవచ్చును. కాని ఎక్కననిన స్త్రీకి ఆనాటి కూలి పోవును. మరునాడు పిలుపు రాదు. అట్టిదానిని ఆమె సమ్మతి యనుట న్యాయము కాదు. కావున ఈ నిర్ణయము ఆమె చేయునది కాదు, మనము చేయునది. ఊరిలో పెద్దల మాటకు ఇంకను విలువ గలదు. పెండ్లి ఖర్చుల జాబితాలో తాంబూలములకును, బాజాలకును వ్రాసినట్లే బస్సునకు ఒక పద్దు వ్రాయింపుడు, ఆర్.టి.సి. వారు పెండ్లిండ్లకు బస్సులు అద్దెకిచ్చుచున్నారు. దూరపు పొలములకు కూలీలను పిలుచు రైతులు నలుగురు కలిసి మనుష్యుల నెక్కించుకొనుటకు అనుమతి గల బండి నొకదానిని కుదుర్చుకొనుడు. జాతరనాడు ఊరి పొలిమేరలో ఒక పెద్ద నిలిచి "దిగుడు" అనిన, ట్రాలీ యెక్కినవారు విసుగుకొందురేమో గాని దిగుదురు. ఖర్చు పెరుగుననుట నిజము. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యని మన పెద్దలన్నారు. ఇచ్చటి అడుసు కడిగినను పోవునది కాదు.

ట్రాలీ మంచి సేవకుడు. దానికి తగిన పిన్ను, గొలుసు, బ్రేకు, దీపము, కాగితము సమకూర్చి, సరకుమాత్రమే దానికి అప్పగింపుడు. రేపు మీ యింటికి ట్రాలీ వచ్చునపుడు టెంకాయ కొట్టి పసుపు కుంకుమ పెట్టుదురు గదా. ఆ చేతితోనే పిన్నును ఒకమారు కదలించి, చీలను, గొలుసును పట్టి చూడుడు. తొట్టియంచున ఎక్కి కూర్చున్న పిల్లలుందురు; ముందుగా వారిని దింపుడు. సెలవు.